సేసిందికి ‘చేని’ కూడా, ‘చేతి’ కూడా?

దేవరకొండ మనుమడు:
వారం నుంచి ఒక మాట బుర్ర తొలుస్తోంది. ఊరి నౌకర్ల మీద మా నాయనమ్మ ఒకటి అనేది: ‘పట్వారికి రాత కూడు, పటేలుకు మాట కూడు, సేసిందికి చే... కూడు.’ ఆ చివరిది ‘చేని’ కూడా, ‘చేతి’ కూడా? ఆమె పోయి ఇరవై ఏళ్ళు దాటింది. చిన్నప్పుడు సేసింది అంటే ఎవరో ఆడమనిషి ఏదో చేసింది కాబోలు అనుకునేవాణ్ణి. నాకు ఆ ఒక్క అక్షరం తేల్చి పెట్టండి చాలు.

అచ్చంపేట టీచర్:
చేని కూడే, అనుమానం ఎందుకు? సేసింది అంటే శేత్‌సనదీ. మరాఠీలో ‘శేత’ అంటే చేను. సనదు, అంటే సర్కారు ఇచ్చిన హక్కు పత్రం మీద చేను పొంది, అందుకు బదులుగా ఊరి కాపలా కాసేవాడు. పాత కాగితాల్లో శేత్‌సింధీ ఇనాం అని వేరే రాసేవారు. మీ నాయనమ్మ ఆ పేరుకు అర్థం కూడా పక్కనే పెట్టి చెప్పింది.

జడ్చర్ల అన్న:
చేను సరే టీచరమ్మా, సనదీ కాస్తా ‘సింది’ ఎట్లయింది? నడుమ అకారం పోతే ‘సన్ది’ కావాలి. ‘స’కు గుడి ఎవరు కట్టారు? నన్నడిగితే అది సేంది. కల్లు. ఈతవనాల కాపలా కూడా వీళ్ళదే అయి ఉంటుంది.

అచ్చంపేట టీచర్:
సేందిలో ‘సే’ దీర్ఘం. సేసిందిలో ‘సి’ హ్రస్వం. మరి ఆ దీర్ఘం ఏ ఈతచెట్టు ఎక్కింది అన్నా? చివరి ఇకారం వెనక్కి పాకి ముందు అక్షరాన్ని పట్టుకోవడం మన నోటికి మామూలే. కల్లు దుకాణం దాకా పోనక్కరలేదు.

నల్లగొండ పంతులు (రిటైర్డ్):
మాట మూలం కోసం కొట్లాడుతూ మనిషిని మరిచిపోయారు. మాలీ పటేలుకు శిస్తు, పట్వారికి లెక్క, పోలీసు పటేలుకు దొంగతనాలూ దొమ్మీలూ. ఈ ముగ్గురికీ కాళ్ళు సేసిందివి. ఎవరైనా బావిలో పడితే ఠాణాకు కబురు మోసేది అతడే. అమీను వచ్చి పంచనామా చేసేదాకా శవం దగ్గర కూర్చునేదీ అతడే. 1865లో మొదటి సాలార్‌జంగు జిలాబందీతో జిల్లాలు ఏర్పడ్డాయి. పోలీసు పెద్దలుగా ఠాణాకు అమీను, జిల్లాకు మొహతమీం, పట్నానికి కొత్వాలు. పేర్లన్నీ పైవాళ్ళవే. అడుగున మాత్రం ఊరి పాత కావలివాడే మిగిలాడు. పంట కల్లానికి వచ్చినప్పుడు రైతులు పెట్టే మేర మీద అతని ఇల్లు గడిచేది. ఇనాం చేను ఉన్నా, దున్నుకునే తీరిక ఎక్కడిది? కనుక చేతి కూడు. ఇంకొకరి చేతి కూడు.

మునగాల రైతుబిడ్డ:
మా ఊళ్ళలో మీ సేసిందే లేడు. మునగాల పరగణా చుట్టూ నైజాం ఉన్నా, మాది కృష్ణా జిల్లా, మద్రాసు పాలన. మాకు తలారి. అమీనా అంటే కోర్టు నుంచి జప్తుకు వచ్చేవాడు. మా అమ్మమ్మను సూర్యాపేట ఇచ్చారు. కొత్త కాపురంలో ‘అమీను సాబు వచ్చిండు’ అని వినపడగానే జప్తు అనుకుని ఇత్తడి బిందెలన్నీ గడ్డివాములో దాచిందట. వచ్చింది పోలీసాయన, పక్కింటి మేకల తగాదా మీద.

నల్లగొండ పంతులు:
తలారి అన్నావు కనుక చెప్తాను. పాత రూపం తలవరి. నాగార్జునకొండ ఇక్ష్వాకుల శాసనాల్లో ‘మహాతలవర’ పెద్ద హోదా, రాజుల ఇంటి ఆడపడుచులను చేసుకున్నవాళ్ళది. అలాంటి పేరు కర్ర పట్టుకుని ఊరి గస్తీకి దిగింది. కన్నడంలో తళవార అంటారు, ళకారంతో. మరి మొదటిది తలా, తళా?

జడ్చర్ల అన్న:
పంతులుగారూ, ఇంకో అక్షరం తెచ్చి పెట్టకండి, ఉన్నదే తెగలేదు. అయినా పోలీసు ముచ్చట వస్తే పాలమూరు తర్వాతే ఎవరైనా. 1920 నుంచి 1934 దాకా హైదరాబాదు కొత్వాలు రాజా బహద్దూర్ వెంకట్రామారెడ్డి వనపర్తి సీమవారే. ఆయన జీవిత చరిత్ర రాసిన సురవరం ప్రతాపరెడ్డీ మావారే. నేరం మాది, దర్యాప్తు మాది, రాత కూడా మాదే.

నల్లగొండ పంతులు:
మీకు కొత్వాలుంటే మాకు రాచకొండ ఉంది. 2025 దాకా పోలీసు కమిషనరేటుకే ఆ పేరు ఉండేది. నాకు మాత్రం బోర్డు కనిపించిన ప్రతిసారీ శ్రీనాథుడే గుర్తొచ్చేవాడు. రాచకొండ రాజు సర్వజ్ఞ సింగభూపాలుడి కొలువుకు వచ్చి, కొండవీటి రెడ్డిరాజులు పోగొట్టుకున్న నందికంత పోతరాజు కటారి అడిగి కొండవీటికి పట్టుకుపోయాడని కథ కదా. పోలీసు భాషలో దాన్ని సొత్తు రికవరీ అంటారు.

అచ్చంపేట టీచర్:
సర్వజ్ఞుడన్న పేరు శివుడికీ సింగభూపాలుడికే చెల్లుతుందని శ్రీనాథుడు అక్కడ చెప్పిన పద్యంలో ‘సింగ జనపాలునకే’ దగ్గర ‘కే’ని సాగదీసి ప్రశ్నగా చదివి చూడండి పంతులుగారూ. పొగడ్త మొత్తం తిరగబడుతుంది. రాజు ఎదుట ఒక రకంగా, గుమ్మం దాటాక ఇంకో రకంగా. నేను క్లాసులో రెండు రకాలుగా చదివి వినిపించేదాన్ని, పిల్లలు రెండో దానికే చప్పట్లు కొట్టేవారు.

నల్లగొండ పంతులు:
కందంలో పాదం చివర అలా సాగదీయడం నాకు రుచించదు. శ్రీనాథుడు అంత పిరికివాడు కాదు, తిట్టాలంటే ఎదురుగానే తిట్టేవాడు.

దేవరకొండ మనుమడు:
అయ్యా, నా కూడు సంగతి? 1984లో పటేలు, పట్వారీ పోస్టులు తీసేశాక మా ఊళ్ళో ఈ మాట అనేవాళ్ళే తగ్గిపోయారు. ఇవాళ మా మేనత్తకు ఫోన్ చేశాను. ఆమెకు మాట గుర్తుంది, కానీ పోయిన నెలే పళ్ళ సెట్టు కట్టించుకుంది. మూడుసార్లు అనిపించాను. మూడుసార్లూ నాకు ‘చేది కూడు’ అనే వినపడింది.

జడ్చర్ల అన్న:
చేది! చేదడం అంటే బావి నుంచి తోడడం కదా. నీళ్ళు తోడి పోసి తినే కూడు. నాకు ఇప్పుడు అర్థమైంది.

అచ్చంపేట టీచర్:
అన్నా, నీళ్ళ సంగతి చూసేది నీరటి. సేసింది కాదు.

జడ్చర్ల అన్న:
చిన్న ఊళ్ళలో రెండు పనులూ ఒకడే చేసేవాడు టీచరమ్మా. ఆగండి, మా పెద్దనాయనను అడిగి చెప్తా.