ఎఫ్-16, రఫాల్, గ్రిపెన్, సుఖోయ్... ఊరికే ఇస్తే ఏది ఇంటికి తెచ్చుకోవాలి?

మబ్బుల్లో_మేడ:
సరదా ప్రశ్నే, కానీ జవాబులు మాత్రం సీరియస్‌గా కావాలి. ఆయుధాలన్నీ పీకేసి తాళాలు మన చేతిలో పెట్టారనుకోండి. నా లిస్టులో ఎఫ్-16, రఫాల్, గ్రిపెన్, సుఖోయ్-30ఎంకేఐ, ఎఫ్-35 ఉన్నాయి. ఏది గెలుస్తుందనే వాదన వద్దు, అది అయిదేళ్లయినా తెగదు. పెంపకం సంగతి చెప్పండి: ఎంత తాగుతుంది, ఎక్కడ దిగుతుంది, ఏది ముందు మొరాయిస్తుంది? డాబా మీద నిలువుగా దిగేదైతే మరీ మంచిది, పార్కింగ్ గొడవ ఉండదు.

కిరసనాయిలు:
ఏనుగుని కొనడం కాదు తమ్ముడూ, మేపడం కష్టం. లెక్క చూడు.

రఫాల్ ఎం88 ఇంజిన్ ఆఫ్టర్‌బర్నర్ (తోక దగ్గర వేసే అదనపు మంట) లేకుండా 50 కిలోన్యూటన్ల తోపుడు ఇస్తుంది. ఒక్కో కిలోన్యూటన్‌కి గంటకు సుమారు 80 కిలోల ఇంధనం, అంటే ఇంజిన్‌కి 4,000 కిలోలు. ఆఫ్టర్‌బర్నర్ వేస్తే తోపుడు 75కి పెరుగుతుంది, కిలోన్యూటన్‌కి ఖర్చు 170కి ఎగబాకుతుంది. ఇంజిన్‌కి 12,750 కిలోలు. తోపుడు ఒకటిన్నర రెట్లు, తిండి మూడు రెట్లకు పైనే. టర్బైన్ దాటాక మిగిలిన గాలిలో, తక్కువ పీడనం దగ్గర ఇంధనం చల్లి మండిస్తారు కాబట్టి వేడిలో ఎక్కువ భాగం తోకలోంచి వృథాగా పోతుంది.

లోపలి ట్యాంకుల్లో పట్టేది 4,700 కిలోలు. రెండు ఇంజిన్లూ పూర్తి మంట మీద ఉంటే పదకొండు నిమిషాల్లో ఖాళీ. ఎఫ్-16కి 3,200 కిలోలే, ఏడెనిమిది నిమిషాలు. సుఖోయ్ 9,600 కిలోలు మోస్తుంది కానీ 123 కిలోన్యూటన్ల ఇంజిన్లు రెండు, కాబట్టి దానికీ పన్నెండు నిమిషాలే. ఇవన్నీ నేల మట్టంలో లెక్కలు. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి ఖర్చు తగ్గుతుంది. అసలు పైలట్లు ఆ మీట అంతసేపు నొక్కి ఉంచరులే.

పిన్ను_తీశావా:
ఎఫ్-16 అనుకునేవాళ్లకి ఒక్క మాట: హైడ్రజీన్.

ఆ విమానం కావాలనే నిలకడ లేకుండా కట్టింది. కంప్యూటర్, హైడ్రాలిక్స్ (నూనె ఒత్తిడితో పనిచేసే వ్యవస్థ) పట్టుకుంటేనే నిలుస్తుంది. ఉన్నది ఒకటే ఇంజిన్, అది ఆగితే రెండూ పోతాయి. అందుకే అత్యవసర పవర్ యూనిట్ పెట్టారు. అది 70 శాతం హైడ్రజీన్, 30 శాతం నీళ్ల మిశ్రమంతో క్షణాల్లో లేస్తుంది. ట్యాంకు పాతిక లీటర్లు, నడిచేది పది నిమిషాలు. హైడ్రజీన్ పచ్చి విషం. ఆ యూనిట్ నడిచిన విమానం దిగితే ప్రత్యేక దుస్తులు వేసుకున్నవాళ్లు వచ్చి చూసేదాకా దగ్గరకి ఎవరూ పోరు. దాన్ని గరాజ్‌లో పెట్టుకుంటావా?

ఇంకోటి. దీని స్టార్టర్ హైడ్రాలిక్ సీసాల్లో దాచిన ఒత్తిడితో తిరుగుతుంది. రెండుసార్లు ఫెయిలైతే సీసాలు ఖాళీ. అప్పుడు చేతిపంపు కొట్టి నింపుకోవాలి. చిన్న పంపే, కానీ భుజాలు పోతాయి.

దిగాక బ్రేకులు వేడెక్కితే చక్రం పక్కన నిలబడకండి. టైరుగానీ రిమ్ముగానీ పేలితే ముక్కలు పక్కకే వస్తాయి. వెళ్తే ముందునుంచో వెనకనుంచో వెళ్లాలి. చక్రాల్లో కరిగే బిరడాలుంటాయి, వేడికి కరిగి గాలి వదిలేస్తాయి. వాటిని నమ్ముకుని దగ్గరకి పోవద్దు.

సీటు సంగతి అందరూ మర్చిపోతారు. ఆపదలో పైలట్‌ని బయటికి విసిరేసే సీటు, రాకెట్ మీద కుర్చీ. అది పేలకుండా ఆపే పిన్నులు లేకుండా పిల్లల్ని ఎక్కించి ఫొటోలు తీస్తే ఇల్లు ఖాళీ.

రోడ్డెక్కిన_గ్రిపెన్:
ఈ లిస్టులో ఇంటికి పనికొచ్చేది ఒక్కటే, గ్రిపెన్. స్వీడన్ దీన్ని 800 మీటర్ల రోడ్డు ముక్కల మీద నడపడానికే తయారు చేయించుకుంది. ఒక టెక్నీషియన్, అయిదుగురు సాధారణ సైనికులు ఉంటే పది నిమిషాల్లో ఇంధనం, గాలి పోరాట క్షిపణులు నింపి మళ్లీ పంపేస్తారు. సొంత ఏపీయూ (ఇంజిన్‌ని లేపే చిన్న సహాయక ఇంజిన్) ఉంది, బయటి స్టార్టర్ బండి అక్కర్లేదు. గ్రిపెన్ సీ పొడవు 14.1 మీటర్లు, రెక్కల వెడల్పు 8.4. సుఖోయ్ పొడవు దాదాపు 22, రెక్కలు 14.7. రెండో దానికి గరాజ్ కాదు, కల్యాణమండపం కావాలి.

రోడ్డు ముందు ఊడ్చుకోవాలి మరి. ఒక్క గులకరాయి పోతే కంప్రెసర్ బ్లేడ్లకి గండి. ఎఫ్-16కి గాలి నోరు పొట్ట కింద నేలకి దగ్గరగా ఉంటుంది, దానితో భయం ఎక్కువ. మిగ్-29 నేల మీద ప్రధాన నోళ్లు మూసుకుని పైనున్న చీలికల్లోంచి గాలి పీలుస్తుంది. సుఖోయ్‌కి గాలి నోట్లో జల్లెడ లేస్తుంది. రష్యన్లు చెత్త రన్‌వేలని చూసే గీశారు.

మబ్బుల్లో_మేడ:
మరి డాబా? నిలువుగా దిగే ఎఫ్-35బీ, హారియర్ ఉన్నాయిగా.

కిరసనాయిలు:
డాబాయే ఉండదు. హారియర్ వెనక నాజిళ్ల గాలి 600 డిగ్రీలు దాటుతుంది. దానికి తోడు ఆ వేడిగాలి నేలకి తగిలి మళ్లీ ఇంజిన్ నోట్లోకి పోతే తోపుడు పడిపోయి దభీమని కూలబడుతుంది. బరువుగా ఉన్నప్పుడు గాల్లో నిలబడాలంటే ఇంజిన్‌లోకి నీళ్లు చిమ్మాలి. ట్యాంకులో పట్టేది దాదాపు 227 కిలోలు, అవి నిమిషంన్నరలో అయిపోతాయి. పార్కింగ్ కోసం వెతుక్కునే టైం లేదు.

ఎఫ్-35కి ఇంధనమే కూలింగ్ కూడా. ఎలక్ట్రానిక్స్ వేడిని ట్యాంకులోకి వదులుతుంది. అందుకే అమెరికా ఎడారి స్థావరంలో ఇంధన లారీలకి తెల్లరంగు వేశారు. పైగా విడిభాగాలు, నిర్వహణ సాఫ్ట్‌వేర్ వాళ్ల నెట్‌వర్క్‌కి కట్టేసి ఉంటాయి. తాళాలు నీవే, బండి వాళ్లది.

ఊరికే వస్తుందని ఆశ పడ్డవాడు ముందే ఉన్నాడు. 1996లో పెప్సీ ప్రకటనలో, పెప్సీ కొంటే వచ్చే పాయింట్లు 70 లక్షలుంటే హారియర్ ఇస్తామని చూపిస్తే ఒకతను ఏడు లక్షల డాలర్ల చెక్కు పంపి కేసేశాడు. 1999లో కోర్టు, అది జోక్ అని ఎవరికైనా తెలుస్తుందని కొట్టేసింది.

పిన్ను_తీశావా:
నిజంగా జనం కొనుక్కునేది ఎల్-39 ఆల్బట్రాస్. చెక్ శిక్షణ విమానం, ఒకటే ఇంజిన్, రెండు సీట్లు, ధ్వని వేగం దాటదు. నెమ్మదిగా నడిపితే గంటకు 500 లీటర్ల దరిదాపుల్లో సరిపెట్టుకుంటుంది. అమెరికాలో ప్రైవేటు మిగ్-29లు కూడా ఉన్నాయి, ఆయుధాలు తీసేసి ‘ఎక్స్‌పెరిమెంటల్’ కేటగిరీలో రిజిస్టర్ చేస్తారు.

కొనేముందు సీటుని పేల్చే కార్ట్రిడ్జుల (మందు గుళికల) గడువు తేదీ చూడు. విమానం రంగు ఎంత మెరిసినా సరే, గడువు దాటిన సీటు దూకమన్నప్పుడు దూకదు.

మబ్బుల్లో_మేడ:
అయితే ఎల్-39. వెనక సీటు ఖాళీ, పెట్రోల్ సగం పెట్టేవాళ్లు చెప్పండి.

కిరసనాయిలు:
జెట్ తాగేది కిరోసిన్, పెట్రోల్ పోస్తే నేను రాను.