5 ఎకరాల్లో 2 ఎకరాల బదిలీకి, మిగతా దాంట్లో షెడ్డు అనుమతికి ఒకే పటం సరిపోతుందా?

గట్టుమీద:
నమస్కారం అండీ. కాగితాల్లో 5 ఎకరాలున్న పొలంలో ఉత్తరం వైపు 2 ఎకరాలు వేరేవారి పేరిట మారుతోంది. దక్షిణాన మిగిలే 3 ఎకరాల్లో కోళ్ల షెడ్డుకు అనుమతి అడగాలి. రోడ్డు ఉత్తరం వైపే ఉంది. పాత పటంలో కొలతలు లింకుల్లో (సర్వే గొలుసులోని కొలత) ఉన్నాయి: ఉత్తరం గట్టు 400, పడమర గట్టు 1250. ఉపగ్రహ చిత్రం మీద క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో గట్ల వెంట గీస్తే 5.47 ఎకరాలు చూపిస్తోంది. పొలం 17 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది. టేపుతో నాలుగు వైపులా కొలిచి, ఎదురెదురు వైపుల సగటులు తీసి గుణిస్తే 5 ఎకరాల 6 సెంట్లు వస్తోంది. ఏది నమ్మాలి? రెండు పనులకూ ఒకే పటం ఇవ్వొచ్చా?

సర్వేగొలుసు:
ముందు ఆ 5.47 సంగతి. దాన్ని 5తో భాగిస్తే 1.094. వెబ్ మెర్కేటర్ ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని చదునుగా పరిచే ఒక పద్ధతి) 17 డిగ్రీల దగ్గర పొడవులను సుమారు 1.05 రెట్లు సాగదీస్తుంది, అంటే విస్తీర్ణం దాదాపు 1.1 రెట్లు అవుతుంది. మీ తేడా దాదాపు అదే. ఉపగ్రహ చిత్రం పొర (లేయర్) ఆ ప్రొజెక్షన్‌లో (ఈపీఎస్‌జీ 3857) వస్తుంది, మీరు గీసిన పొర కూడా అందులోనే సేవ్ అయి ఉంటుంది. గీసిన పొరను మీ ప్రాంతపు యూటీఎం జోన్‌లోకి (మీటర్లలో కొలిచే, సాగదీత చాలా తక్కువగా ఉండే పద్ధతి) ఎక్స్‌పోర్ట్ చేసి మళ్లీ చూడండి. పొర లక్షణాల్లో సీఆర్ఎస్ (ఏ ప్రొజెక్షన్, కొలత పద్ధతి అని చెప్పేది) పేరు ఊరికే మార్చేయకండి. అలా చేస్తే అంకెలు అవే ఉండి పొలం వేరే చోటికి పోతుంది. ఫీల్డ్ కాలిక్యులేటర్‌లో డాలర్ గుర్తుతో ఉన్న ఏరియా ప్రాజెక్టు ఎలిప్సాయిడ్‌ను (భూమి గుండ్రటి ఆకారాన్ని) బట్టి లెక్కిస్తుంది, గుర్తు లేనిది చదును తలం మీద లెక్కిస్తుంది. రెండూ తీసి పోల్చండి. యూటీఎంలో జోన్ మధ్య రేఖ దగ్గర పొడవు 0.04 శాతం తగ్గుతుంది. 5 ఎకరాలకు అది అర సెంటు కూడా కాదు, వదిలేయొచ్చు.

ఇక టేపు కొలత. నాలుగు వైపులు తెలిసినంత మాత్రాన పొలం ఆకారం తేలదు. అవే నాలుగు పొడవులతో మూలలు వాలిపోయిన పొలమూ వస్తుంది, విస్తీర్ణం మారిపోతుంది. సగటుల గుణకారం నిజమైన విస్తీర్ణం కంటే ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది. అచ్చమైన దీర్ఘచతురస్రానికి మాత్రమే సరిపోతుంది. కాబట్టి ఐమూల (ఎదురెదురు మూలల మధ్య) కొలత తప్పనిసరి. పొలాన్ని రెండు త్రిభుజాలు చేసి, ఒక్కోదానికి మూడు భుజాల సూత్రంతో విస్తీర్ణం కట్టండి. రెండో ఐమూల కూడా కొలిస్తే అది తనిఖీకి పనికొస్తుంది. టేపును గట్టు ఎత్తుపల్లాల మీద పరచకుండా సమతలంగా బిగించి పట్టాలి. వాలు వెంట కొలిస్తే పొడవు పెరుగుతుంది.

లింకు లెక్క మాత్రం చాలా సుళువు. గంటర్ గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు. 1,000 చదరపు లింకులు ఒక సెంటు, లక్ష చదరపు లింకులు ఒక ఎకరం. 400 × 1250 అంటే ఖచ్చితంగా 5 ఎకరాలు. అంటే పాత పటం తన లెక్కలో తాను సరిగ్గానే ఉంది, దక్షిణం, తూర్పు వైపులు కూడా అంతే ఉండి, మూలలు లంబంగా ఉంటే. ఒక లింకు 0.201168 మీటర్లు. 0.2 అని గుండ్రంగా వేస్తే 1250 లింకులకు దాదాపు మీటరున్నర పోతుంది.

పాత పటాన్ని స్కాన్ చేసి జియోరెఫరెన్స్ చేయడం (నేల మీది స్థానాలకు కూర్చడం) కంటే, దానిమీద రాసిన కొలతలతో కొత్తగా గీయడమే మేలు. పాత కాగితం నిలువుకీ అడ్డానికీ వేర్వేరుగా కుంచించుకుపోతుంది. తప్పక జియోరెఫరెన్స్ చేయాల్సివస్తే నాలుగు మూలల్లో కదలని హద్దు రాళ్లు తీసుకొని, మొదటి డిగ్రీ పాలినోమియల్‌తో (పటాన్ని మొత్తంగా సాగదీసి, తిప్పి కూర్చే పద్ధతి) చేసి, మిగిలే తేడాలు చూడండి. థిన్ ప్లేట్ స్ప్లైన్ (పటాన్ని చోటుచోటా వంచే పద్ధతి) వాడితే ప్రతి పాయింటూ బలవంతంగా కూర్చుంటుంది, తేడా సున్నా చూపిస్తుంది, తప్పు ఎక్కడుందో తెలియదు. ఉపగ్రహ చిత్రం చుట్టుపక్కల ఏముందో చూపడానికి మాత్రమే. అదే కొన్ని మీటర్లు పక్కకు జరిగి ఉండొచ్చు, పైగా చెట్ల నీడలో గట్టు కనపడదు.

నక్షాబల్ల:
పై జవాబుతో ఏకీభవిస్తాను. పటాలు మాత్రం రెండు చేయండి. బదిలీ పటం ఎవరికి ఏ ముక్క అని చెబుతుంది, అనుమతి పటం ఎక్కడ ఏం కడతారో చెబుతుంది. ఒకదాంట్లో రెండూ ఇరికిస్తే షెడ్డు డిజైన్ మారినప్పుడల్లా దస్తావేజుతో జతచేసిన పటం పాతబడిపోతుంది.

మీ అసలు సమస్య దారి. ఉత్తరం ముక్క పోతే మిగతా 3 ఎకరాలకు రోడ్డు లేదు. పడమర గట్టు వెంట 20 లింకుల (సుమారు 4 మీటర్లు) దారి ఉంచుకుంటారనుకుందాం. దారి నేల కొనేవారిదే అయి మీకు నడిచే హక్కు మాత్రమే ఉంటే, విభజన గీత ఉత్తరం నుంచి 500 లింకుల దగ్గర పడుతుంది. దారి నేల మీదే అయితే వారికి మిగిలే వెడల్పు 380, కాబట్టి 2 ఎకరాలు నిండాలంటే గీత 526 లింకుల దాకా దిగాలి. ఏది అన్నది దస్తావేజులో రాసి, పటంలో దారిని రెండు గీతలతో, వెడల్పు రాసి చూపండి. ఒంటి గీత గీస్తే వెడల్పు మీద గొడవ మిగులుతుంది. దారి కొస రోడ్డు హద్దును నిజంగా తాకుతోందా, మధ్యలో ఇంకొకరి కాలవగట్టు ఉందా అన్నది అక్కడికెళ్లి చూడాల్సిందే.

పొలం దీర్ఘచతురస్రం కాకపోతే రెండు పక్కలా సమానంగా 500 కొలిస్తే 2 ఎకరాలు రాదు. మొదట అలాగే గీసి విస్తీర్ణం తీయండి. 2 సెంట్లు తగ్గిందనుకోండి: 2,000 చదరపు లింకులను విభజన గీత పొడవు 400తో భాగిస్తే 5. గీతను 5 లింకులు దక్షిణానికి జరపండి, మళ్లీ లెక్కించండి. తర్వాత రాళ్లు పాతి, రాళ్ల మధ్య దూరాలు కొలిచి, ఆ కొలతలే పటం మీద రాయండి.

బదిలీ పటానికి 1:1000 బాగుంటుంది. పడమర గట్టు కాగితం మీద 251 మిల్లీమీటర్లు వస్తుంది. ఏ4లో పడుతుంది గానీ పక్క పొలాలకు, శీర్షికకు చోటుండదు, ఏ3 తీసుకోండి. హద్దు గీత సన్నగా, 0.18 మిల్లీమీటర్లు ఉంచండి. ఒక మిల్లీమీటరు గీతంటే నేల మీద మీటరు వెడల్పు. గీత గట్టు మధ్యదా, అంచుదా అన్నది రాయండి. ముక్కలను రంగుతోపాటు అడ్డగీతలతో కూడా వేరుచేయండి. నలుపు తెలుపు జిరాక్సులో ఎరుపూ ఆకుపచ్చా ఒకేలా కనిపిస్తాయి.

షెడ్డుకు రెండు బొమ్మలు కావాలి: చుట్టుపక్కల రోడ్లు, ఇళ్లు కనిపించేలా చిన్న స్కేలు స్థల సూచిక, షెడ్డు ఉన్న చోటుకు 1:500 లేదా 1:200 పటం. ఏ స్కేలు అడుగుతారో ముందే కనుక్కోండి. షెడ్డు నాలుగు వైపులనుంచీ హద్దుకు దూరం, బావి, కరెంటు తీగలు, వాన నీరు పోయే దిక్కు రాయాలి. హద్దులు బదిలీ తర్వాతివే ఉండాలి, పాత 5 ఎకరాలవి కాదు.

గట్టుమీద:
యూటీఎంలోకి మార్చాక దాదాపు 5 ఎకరాలే వచ్చింది, ధన్యవాదాలు అండీ. ఐమూల కొలత రేపు తీస్తాం. ఇంకొకటి: 1:1000లో పెట్టి తీసిన ప్రింటు మీద 100 మీటర్లు 96 మిల్లీమీటర్లే వస్తోంది.

సర్వేగొలుసు:
ప్రింటర్ కాగితానికి సరిపోయేలా కుదించింది. ప్రింట్ విండోలో ‘ఫిట్’ తీసేసి ‘యాక్చువల్ సైజ్’ పెట్టండి. పటం మీద స్కేలు పట్టీ గీసి ఉంటే కుదించినా పట్టీ కూడా పటంతో కలిసే కుదించుకుపోతుంది, కొలిచేవారికి దారి ఉంటుంది. స్కేలు రాసేటప్పుడు కాగితం సైజు కూడా పక్కనే రాయండి: ‘1:1000, ఏ3’. పీడీఎఫ్ పంపితే అవతలివారు ఏ4లో తీసినా తేడా వెంటనే తెలుస్తుంది. రాళ్ల మధ్య కొలతలు అంకెల్లో రాసి ఉంటే ప్రింటు ఎంత చెడినా గొడవ రాదు.