రాతిపొడి, రెసిన్ కలిపిన ముక్కతో తిప్పిన పెన్నుని "రాతి పెన్ను" అనొచ్చా?

చెక్కపొడి:
అందరికీ నమస్తే. డాలస్ దగ్గర ఉంటా, నాలుగేళ్ళుగా గ్యారేజీలో చిన్న లేతు (ముక్కని గిర్రున తిప్పుతుంటే ఉలితో చెక్కే మిషను) మీద పెన్నులు తిప్పుతున్నా, ఇన్నాళ్ళూ టేకు, రోజ్‌వుడ్, యాక్రిలిక్ అంతే. ఈ మధ్య ట్రూస్టోన్ పట్టుకున్నా. తెలీనివాళ్ళకి, రాతిపొడిని రెసిన్‌తో (గట్టిపడే ప్లాస్టిక్ లాంటి జిగురు) కలిపి పోసిన ముక్కలవి, అమ్మేవాళ్ళు చెప్పే లెక్క 85 శాతం రాయి 15 శాతం రెసిన్. ఉగాది సంబరాల్లో టేబుల్ మీద పెట్టి "రాతి పెన్నులు" అని చీటీ రాశా. ఒక పెద్దాయన చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, పనితనం బాగుంది బాబూ, కానీ ఇది రాయి కాదుగా, చీటీ మార్చు అన్నారు. మార్చలేదు. ఇంటికొచ్చాక కూడా అదే బుర్రలో తిరుగుతోంది. నా మటుకు నాకు అది రాయే, పట్టుకుంటే చల్లగా తగుల్తుంది, బరువుంది, నా మామూలు స్టీలు ఉలి రెండు నిమిషాల్లో మొద్దుబారిపోయింది, కార్బైడ్ బిట్టు పెడితే గానీ లొంగలేదు. మీరేమంటారు?

గోదారిగట్టు:
ఆ పెద్దాయన సగమే చెప్పారు తమ్ముడూ. నా అభ్యంతరం రాయి దగ్గర కాదు, పెన్ను దగ్గర. మాది రాజమండ్రి. ఇక్కడ 1932 నుంచి రత్నం వాళ్ళు పెన్నులు చేస్తున్నారు, 1935లో గాంధీ గారు పెన్ను అందిందని మెచ్చుకుంటూ ఉత్తరం రాసిన ఊరు ఇది. ఎబొనైట్ రాడ్డు లేతుకి ఎక్కిస్తే చెక్కు రిబ్బన్‌లా చుట్టలు చుట్టుకుంటూ వస్తుంది, గది నిండా గంధకం వాసన, ఎందుకంటే అది రబ్బరూ గంధకమూ కలిపి ఉడికించిన సరుకు. ఆ రాడ్డులోనే కన్నం వేసి ఆ రాడ్డుకే మర కోస్తారు, క్యాపు బిగిసేది ఆ మర మీదే, సిరా పోసేది నేరుగా ఆ గొట్టంలోనే. నీ ముక్కకి మర కొయ్యగలవా? కోస్తే అంచులు పెళుసుగా రాలిపోతాయి. అందుకే లోపల ఇత్తడి గొట్టం, రెండు కొసల్లో కిట్‌తో (కొనుక్కునే రెడీమేడ్ పెన్ను భాగాల సెట్టు) వచ్చిన ఫిట్టింగులు. రాసేది కిట్టు, రాయి దానికి తొడుగు. తొడుగుని తొడుగు అను, ఎవరూ కాదనరు.

చెక్కపొడి:
అన్నా మర విషయం ఒప్పుకుంటా. కానీ తొడుగు అంటే ఏదో సులువైన పని అన్నట్టు వినపడుతోంది, అది మాత్రం ఒప్పుకోను. మొదటి ముక్క ఎలా పోయిందో చెప్తా. డ్రిల్లు మామూలుగా దింపేశా, పొడి బయటికి రాక లోపలే కూరుకుని వేడెక్కి, చివరికి బిట్టు అవతలికి పొడుచుకొచ్చే చోట బిళ్ళంత పెచ్చు ఎగిరిపోయింది, రెండు గంటల పని చెత్తబుట్టలోకి. ఇప్పుడు ముక్కని కావాల్సినదానికన్నా పొడుగ్గా కోసుకుంటా, కన్నం అవతలికంటా వెయ్యను, లోపలే ఆపి కొసని రంపంతో కోసేస్తా, అప్పుడు పెచ్చు లేవదు. పావు అంగుళం దింపడం, పైకి లాగడం, పొడి దులపడం, నీళ్ళు చిలకరించడం, మళ్ళీ దింపడం. ఇత్తడి గొట్టం అరాల్డైట్‌తో అతికించి ఒక రాత్రి వదిలేస్తా. ఆ తర్వాత వాటర్ పేపర్ 400 నుంచి మొదలెట్టి నీళ్ళతోనే 12000 దాకా, గ్రిట్టు (పేపర్ గరుకు నంబరు) మారిన ప్రతిసారీ లేతు ఆపి, పొడుగునా చేత్తో రుద్ది, వెలుతుర్లో పెట్టి ఒక్క గీత కూడా లేదని చూసుకుని. చెక్కలా పైన లక్క, వార్నిష్ ఏమీ ఉండవు, ఆ మెరుపు దాని ఒంటిదే. ఇంత చేశాక "రెసిన్ ముక్క" అంటే మనసు ఒప్పుకోదు కదా.

బలపంరాయి:
లేతు మీద అచ్చమైన రాయి తిప్పడం మనకి కొత్త కాదండీ. బేలూరు, హళేబీడు గుళ్ళల్లో ఆ గుండ్రటి స్తంభాలు చూడండి, లేతు మీద తిప్పినవేనని చెప్తారు, రాయి మన బలపం రాయి జాతిదే, గనిలోంచి తీసినప్పుడు మెత్తగా ఉండి గాలి తగిలాక గట్టిపడుతుంది. అసలు చిన్నప్పుడు పలక మీద మనం పట్టుకు రాసింది కూడా రాతి పెన్నే కదా, పొడి చేసి రెసిన్‌తో అతికించింది కాదు. అందుకే రాయి అనే మాట ఊరికే వాడకూడదంటాను. ఇంకో సంగతి, తెల్లటి మాగ్నసైట్ రాయికో హౌలైట్ రాయికో రంగేసి టర్కాయిస్ (నీలిరంగు రత్నం) పేరుతో అమ్మడం పాత అలవాటే. మీ ముక్కలో ఏ రాయి ఉందో అడిగి తెలుసుకున్నారా?

స్లాబుపని:
పేరు గొడవ తర్వాత, ముందు తమ్ముడు మాస్కు పెట్టుకుంటున్నాడా లేదా? నేను కిచెన్ ప్లాట్‌ఫారం స్లాబులు కోసే పనిలో ఉన్నా. క్వార్ట్జ్ స్లాబులు కూడా ఇదే వరస, రాతిపొడి, రెసిన్. ఆ దుమ్ముతో పనివాళ్ళకి సిలికోసిస్ (రాతిదుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడయ్యే జబ్బు) వస్తోందనే ఆస్ట్రేలియాలో 2024 జులై నుంచి వాటిని నిషేధించారు. మధ్యప్రదేశ్ మంద్‌సౌర్‌లో పలక పుల్లలు కోసే కూలీలు ఎంతమంది ఊపిరితిత్తులు పాడై పోయారో, పైన బలపం మాటొచ్చింది కాబట్టి గుర్తొచ్చింది. మలకైట్ (ఆకుపచ్చ రాయి) అయితే అందులో రాగి ఉంటుంది, ఆ పొడి ఒంట్లోకి పోతే విషమే. గుడ్డ కట్టుకుంటే సరిపోదు, దగ్గర దగ్గరగా మూసే రెస్పిరేటర్ కావాలి, కోత తడిమీదే జరగాలి, ఆ గ్యారేజీలో పిల్లల్ని ఆడుకోనివ్వద్దు, చీపురుతో ఊడవద్దు, తడిగుడ్డతో తుడువు.

చెక్కపొడి:
పేపర్ రుద్దేటప్పుడు తడి చేస్తున్నా గానీ లేతు మీద తిప్పేటప్పుడు పొడిగానే తిప్పుతున్నా, పెట్టుకునేది మామూలు సర్జికల్ మాస్కు, మా చిన్నది పక్కనే కూర్చుని చూస్తుంటుంది. ఇవాళ్టి నించి అది బంద్, రెస్పిరేటర్ వచ్చేదాకా లేతు ముట్టను. థాంక్స్ అన్నా, నిజంగా.
బలపంరాయి గారూ, అడగలేదండి, అమ్మినతన్ని ఇప్పుడే మెయిల్ చేసి అడిగా.
చీటీ మారుస్తున్నా. "రాతిపొడి, రెసిన్ కలిపిన తొడుగు, లోపల ఇత్తడి గొట్టం, చేత్తో తిప్పి పాలిష్ పట్టినది" అని. రంగు కలిపారని తేలితే అదీ రాస్తా. కానీ గోదారిగట్టు అన్నా, కిట్టు పెన్ను పెన్నే కాదు అన్నట్టు మాట్లాడారు చూడండి, అది మాత్రం ఒప్పుకోలేను.

గోదారిగట్టు:
చీటీ బాగుంది, అలాగే పెట్టు. కిట్టు గురించి నా మాట మారదు. ఈసారి రాజమండ్రి వచ్చినప్పుడు లేతు దగ్గర కూర్చో, ఎబొనైట్‌కి మర ఎలా పడుతుందో కళ్ళారా చూసి అప్పుడు వాదించు.