ఆర్కిటెక్ట్ ఆఫీసు ఫైళ్లు 1.6 టీబీ: క్లౌడ్‌కు ఎట్లా మార్చాలి?

హన్మకొండ ఆఫీసు (ప్రశ్న)
అందరికీ నమస్తే. మా ఆఫీసులో తొమ్మిది మంది. ఫైళ్లన్నీ ఒక పాత కంప్యూటర్‌లో షేర్ ఫోల్డర్‌గా ఉన్నాయి. పని ఎక్కువగా ఆటోకాడ్, రెండు ప్రాజెక్టులు మాత్రం రెవిట్ (బిల్డింగ్ 3డీ మోడల్ చేసే సాఫ్ట్‌వేర్). కరీంనగర్, మంచిర్యాల సైట్లకు డ్రాయింగులు వాట్సాప్‌లో పంపుతున్నాం, పాత రివిజన్లు కొత్తవి కలగాపులగం అవుతున్నాయి. ఇద్దరు డ్రాఫ్ట్స్‌మెన్ ఇంటి నుంచి పని చేస్తామంటున్నారు. అప్‌లోడ్ స్పీడు 50 ఎంబీపీఎస్. మొత్తం ఫోల్డర్‌ను గూగుల్ డ్రైవ్‌లో వేసేస్తే సరిపోతుందా?

కాజీపేట కాడ్
అట్ల చెయ్యకండి సార్. నడుస్తున్న డీడబ్ల్యూజీలను (ఆటోకాడ్ డ్రాయింగు ఫైళ్లను) గూగుల్ డ్రైవ్ లాంటి సింక్ ఫోల్డర్‌ల పెడితే చేసిన పని పోతది. ఆఫీసు షేర్‌ల ఒకరు ఫైల్ తెరిస్తే రెండో మనిషికి 'రీడ్ ఓన్లీ' అని వస్తది, ఎందుకంటే ఇద్దరూ తెరిచేది ఒకే ఫైల్. సింక్‌ల ఎవరి కంప్యూటర్‌ల వాళ్ల కాపీ ఉంటది, ఒకరు తెరిచింది ఇంకొకరికి తెల్వదు. ఇద్దరూ సేవ్ కొడితే రెండు కాపీలు తయారైతయ్, లేదంటే వెనక సేవ్ చేసినోళ్లదే మిగులుతది. పార్కింగ్ కోసం ఒకరు జరిపిన కాలమ్ ఇంకొకరి షీట్‌ల పాత చోటనే ఉంటది. సైట్‌ల ఫుటింగ్ తవ్వినంక గాని అది బయటపడదు.

ఎక్కడికి మార్చినా ముందు ఎక్స్‌రెఫ్‌లు (ఒక డ్రాయింగుల లింకుగ పెట్టిన వేరే డ్రాయింగులు) సరిచెయ్యాలె. ఎక్స్‌రెఫ్ ప్యాలెట్ తెరిచి, అన్నీ సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్‌ల 'చేంజ్ పాత్ టైప్', అందుల 'మేక్ రిలేటివ్' కొట్టండి. అప్పుడు పాత్, అంటే ఫైల్ అడ్రస్, ఆ డ్రాయింగు ఉన్న చోటు నుంచి లెక్క అయితది. ఇకముందు అటాచ్ చేసేటివి కూడా అట్లనే రావాలంటే 'రెఫ్‌పాత్‌టైప్' అనే సెట్టింగ్ విలువ 1 ఉండాలె. 2018 వెర్షన్ నుంచి అదే డిఫాల్ట్, పాత డ్రాయింగుల్ల మాత్రం ఫుల్ పాత్‌లే ఉంటయ్. వందల ఫైళ్లుంటే ఒక్కోటి తెరవకండి, ఆటోకాడ్‌తోని వచ్చే రిఫరెన్స్ మేనేజర్‌తోని ఒకేసారి మార్చొచ్చు. ఇంకోటి: డ్రైవ్ వేరైతే రిలేటివ్ పాత్ పనిచెయ్యదు. డీటెయిల్స్ లైబ్రరీ 'డి' డ్రైవ్‌ల, ప్రాజెక్టు 'పి' డ్రైవ్‌ల ఉంటే ఎంత మార్చినా తెగుతది. రెండూ ఒకే డ్రైవ్ కిందికి తెచ్చి, తొమ్మిది మందికీ అదే అక్షరంతోని మ్యాప్ చెయ్యండి.

ఫోల్డర్ల పేర్లు కూడా కుదించండి. మొత్తం పాత్ 260 అక్షరాలు దాటితే విండోస్‌ల చాలా ప్రోగ్రాములు ఫైల్‌ను తెరవలేవు.

బిమ్ కోఆర్డినేటర్
రెవిట్ సంగతి పూర్తిగా వేరు. అందులో టీమంతా కలిసి వాడే అసలు ఫైల్‌ను సెంట్రల్ మోడల్ అంటారు, ఒక్కొక్కరు పనిచేసే దాని కాపీ లోకల్ ఫైల్. సెంట్రల్ మోడల్ తన పాత్‌ను తనలోనే గుర్తుపెట్టుకుంటుంది. దాన్ని గూగుల్ డ్రైవ్‌లోనో వన్‌డ్రైవ్‌లోనో పెడితే ఒక్కొక్కరి దగ్గర పాత్ ఒక్కోలా ఉంటుంది, లోకల్ ఫైళ్లకూ సెంట్రల్‌కూ లంకె తెగుతుంది. బయటి నుంచి కూడా కలిసి పనిచేయాలంటే రెవిట్ మోడల్‌ను క్లౌడ్‌లో పంచుకునే బిమ్ కొలాబరేట్ ప్రో తీసుకోవాలి. లైసెన్స్ మనిషికొకటి. అందుకే మోడల్‌లో చేయి పెట్టేవాళ్లకే కొనండి, చూసేవాళ్లకు పీడీఎఫ్ చాలు. టీమంతా ఒకే సంవత్సరం వెర్షన్ మీద ఉండాలి. 2024 మోడల్‌ను ఒకరు 2025కు అప్‌గ్రేడ్ చేస్తే మిగతావాళ్లకు తెరుచుకోదు, వెనక్కి సేవ్ చేసే దారీ లేదు.

రెండు ప్రాజెక్టులే కాబట్టి, ఆ ఖర్చు ఇప్పుడే వద్దనుకుంటే సెంట్రల్‌ను ఆఫీసులోనే ఉంచండి.

నెట్‌వర్క్ పని
అవును, మీ లెక్కకు నడిచే పని ఆఫీసులో, కాపీ క్లౌడ్‌లో ఉండడమే మేలు. పాత కంప్యూటర్ తీసేసి రెండు 4 టీబీ డిస్కుల నాస్ (నెట్‌వర్క్‌లో అందరూ వాడే స్టోరేజ్ పెట్టె) పెట్టండి, మిర్రర్‌లో, అంటే రెండు డిస్కుల్లోనూ ఒకటే ఉండేలా. మిర్రర్ అంటే బ్యాకప్ కాదు, పొరపాటున చెరిపింది రెండు డిస్కుల్లోనూ పోతుంది. కాబట్టి నాస్‌లో స్నాప్‌షాట్లు (ఫైళ్లు ఆ సమయానికి ఎలా ఉన్నాయో దాచే సదుపాయం) ఆన్ చేసి, రోజూ రాత్రి క్లౌడ్ బ్యాకప్ నడపండి. గూగుల్ డ్రైవ్ వెర్షన్లను నమ్ముకోకండి. డీడబ్ల్యూజీ లాంటి ఫైళ్ల పాత వెర్షన్లు 30 రోజుల తర్వాతో, 100 దాటాకో పోవచ్చు.

1.6 టీబీ ఎక్కించడానికి 50 ఎంబీపీఎస్ పూర్తిగా దొరికినా 71 గంటలు. ఆఫీసు వేళల్లో స్పీడు తగ్గించి పెడతారు కాబట్టి వారం అనుకోండి. ముందు నడుస్తున్న ప్రాజెక్టులు, తర్వాత అయిపోయినవి. నాస్‌కే కాదు, ఫైబర్ బాక్సుకూ రౌటర్‌కూ కూడా యూపీఎస్ ఇవ్వండి. యూపీఎస్ యూఎస్‌బీ వైరు నాస్‌కు కలిపితే బ్యాటరీ అయిపోయేలోపు అదే సర్దుకుని ఆగుతుంది.

ఇంటి నుంచి పనిచేసే ఇద్దరికి రిమోట్ డెస్క్‌టాప్ చాలు. వాళ్ల ఆఫీసు కంప్యూటర్లలో విండోస్ ప్రో ఉండాలి. డ్రాయింగు ఆఫీసు దాటదు, తెర మాత్రమే వెళ్తుంది. అయితే రౌటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టు బయటికి తెరవకండి, అది దొంగలకు తలుపు తీసిపెట్టడమే. వీపీఎన్ (ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌కు భద్రమైన దారి) మీదుగానే రానివ్వండి.

హన్మకొండ ఆఫీసు
చాలా థాంక్స్ అండీ. మరి సైట్లకు? ఇంకో డౌటు, మా టైటిల్ బ్లాకుల్లో అను ఫాంట్లతో తెలుగు ఉంది. వాటికి ఏమైనా అవుతుందా?

కాజీపేట కాడ్
సైట్లకు గూగుల్ డ్రైవే మంచిది, పీడీఎఫ్‌లకు మాత్రమే. షీట్‌కు ఒక్కటే పీడీఎఫ్ పెట్టండి, పేరుల రివిజన్ నంబర్ వద్దు, అది టైటిల్ బ్లాక్‌ల ఉంటే చాలు. కొత్తది వచ్చినప్పుడు 'మేనేజ్ వెర్షన్స్'ల అప్‌లోడ్ చెయ్యండి, లింకు మారదు. ఒక్కసారి పంపిన లింకుల ఎప్పుడూ తాజాదే తెరుచుకుంటది. చూసేటోళ్లకు డౌన్‌లోడ్ ఆపే సెట్టింగ్ కూడా పెట్టండి, లేకుంటే ఫోన్‌ల దిగిన పాతదే చూసుకుంట ఉంటరు. జారీ చేసిన ప్రతి సెట్‌ను ఈ-ట్రాన్స్‌మిట్‌తోని (డ్రాయింగును దాని ఎక్స్‌రెఫ్‌లు, ఫాంట్లతోని కలిపి ప్యాక్ చేసే ఆటోకాడ్ కమాండ్) జిప్ కట్టి, ఎవరూ మార్చకుండ వేరే ఫోల్డర్‌ల దాచండి. కుడాకు (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థకు), కార్పొరేషన్‌కు ఇచ్చిన సెట్లు గూడ అందులనే.

అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఫాంట్ లేని కంప్యూటర్‌ల తెలుగు బదులు పిచ్చి అక్షరాలొస్తయ్. ప్రతి కంప్యూటర్‌ల, రిమోట్ కంప్యూటర్లల్ల కూడా ఎక్కించాలె. ఎస్‌హెచ్‌ఎక్స్ ఫాంట్లు (ఆటోకాడ్ సొంత ఫాంట్లు), సీటీబీ ఫైళ్లు (ప్లాట్‌ల గీతల మందం చెప్పేటివి) నాస్‌ల ఒకే ఫోల్డర్‌ల పెట్టి, ఆప్షన్స్‌ల ఫైల్స్ ట్యాబ్ నుంచి అందరికీ అదే పాత్ ఇవ్వండి. లేకుంటే ఒకరి ప్లాట్‌ల గోడ గీత లావుగ, ఇంకొకరి ప్లాట్‌ల సన్నగ వస్తది. ముందు ఒక్క చిన్న ప్రాజెక్టు మార్చి, ఎక్స్‌రెఫ్‌లు తెరుచుకున్నయా, ప్లాట్ సరిగ్గొచ్చిందా, బ్యాకప్‌ల నుంచి ఫైల్ తిరిగొస్తుందా అని చూసుకున్నంకనే మిగతావి కదిలించండి.