ఐస్ హాకీలో విజిల్ ఎందుకేస్తారో చెప్పండి ప్లీజ్

ప్రశ్న: టొరంటో వచ్చి మూడు నెలలైంది, ఆఫీసులో అందరూ హాకీ గురించే మాట్లాడతారు, నాకు ఆట ఎందుకు ఆపారో కూడా అర్థం కావట్లేదు.

రిప్లై: గోల్‌కీపర్‌తో కలిపి టీమ్‌కి ఆరుగురు, 20 నిమిషాల పీరియడ్లు మూడు. అవతలి టీమ్ వైపున్న నీలం గీత మీద కన్నేయండి బ్రో, పక్ (కర్రతో కొట్టే గుండ్రటి బిళ్ల) కంటే ముందే మనవాడి రెండు స్కేట్లూ దాటేస్తే ఆఫ్‌సైడ్, విజిల్ వేస్తారు. చిన్న తప్పుకి రెండు నిమిషాలు బాక్సులో కూర్చోబెడతారు, టీమ్ ఒకడు తక్కువతో ఆడాలి, అసలు మజా అప్పుడే.

రిప్లై: హిస్టరీ కూడా బాగుంటుంది. 1875 మార్చి 3న మాంట్రియల్ విక్టోరియా స్కేటింగ్ రింక్‌లో మొదటి ఇండోర్ మ్యాచ్ టీమ్‌కి తొమ్మిదిమందితో ఆడారు, బంతి ఎగిరి చూసేవాళ్లకి తగలకూడదని చెక్కబిళ్ల వాడారు. ఇప్పుడు రబ్బరు పక్, మ్యాచ్‌కి ముందు ఫ్రీజ్ చేస్తారు, లేకపోతే ఐస్ మీద ఎగురుతుంది.

ప్రశ్న అడిగింది నేనే: థాంక్స్ అన్నా, శనివారం మ్యాచ్‌లో నీలం గీతే చూస్తా. మరి ఐసింగ్ అంటే?