అప్‌డేట్: ఎంఎస్‌డబ్ల్యూతో ఇంగ్లండ్‌లో యూత్ వర్కర్ - దారి తేలింది

హైదరాబాద్‌లో చేసిన ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ)తో ఇంగ్లండ్‌లో ప్రొఫెషనల్ యూత్ వర్కర్ (టీనేజర్లు, యువతతో పనిచేసేవాళ్లు) ఉద్యోగాలకు అప్లై చేయొచ్చా అని అడిగాను. జవాబిచ్చినవాళ్లందరికీ థాంక్స్.

పనికొచ్చిన సలహా: జేఎన్‌సీ (యూత్ వర్కర్ల అర్హతల్ని గుర్తించే కమిటీ) గుర్తింపున్న పీజీ డిప్లొమా చేయడం. 2010 నుంచి ప్రొఫెషనల్ యూత్ వర్కర్ హోదాకి కనీసం ఆనర్స్ డిగ్రీ స్థాయి కోర్సు కావాలి. డిగ్రీ కన్నా కింది స్థాయిదైన లెవెల్ 3 డిప్లొమా చేస్తే యూత్ సపోర్ట్ వర్కర్ వరకే. నేషనల్ యూత్ ఏజెన్సీ (ఇంగ్లండ్‌లో యూత్ వర్క్‌ని చూసే సంస్థ) ఇచ్చే గుర్తింపున్న కోర్సుల జాబితాలో యూనివర్సిటీ పేరు కనిపించగానే ఆగిపోకండి. కోర్సు పూర్తి పేరు, మీరు చేరే ఏడాది రెండూ సరిపోవాలి. ‘యూత్ స్టడీస్’ అని పేరున్నంత మాత్రాన గుర్తింపు ఉన్నట్టు కాదు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

సోషల్ వర్క్ ఇంగ్లండ్ రిజిస్ట్రేషన్ దీనికి అక్కర్లేదు, అది సోషల్ వర్కర్లకి. వేల్స్‌లో మాత్రం ఎడ్యుకేషన్ వర్క్‌ఫోర్స్ కౌన్సిల్‌లో నమోదు తప్పనిసరి.

కోర్సులో భాగంగా చేసే ప్లేస్‌మెంట్‌కి (ఫీల్డ్ వర్క్) ఎన్‌హాన్స్‌డ్ డీబీఎస్ (అక్కడి నేర చరిత్ర తనిఖీ) అడుగుతారు. ఇండియాలో ఉన్న కాలానికి పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ వేరే అడగొచ్చు, ముందే పెట్టుకోండి.