చిన్న గదిలో బేస్ కొన్ని స్వరాల దగ్గరే ఎందుకు ఉబ్బుతోంది?

ప్రశ్న:
నేను పాటలు వినే గది 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉంటుంది. ఇటుక గోడలు, పైన స్లాబు. వెనుక మూలనున్న కుర్చీలో కూర్చుంటే బేస్ గిటార్ స్వరాల్లో కొన్ని గుయ్యిమంటూ మిగతా వాద్యాలను మింగేస్తున్నాయి. గది నడుమ నిలబడితే ఆ స్వరాలే దాదాపు వినిపించవు. గోడలకు రెండంగుళాల ఫోమ్ అంటిస్తే సరిపోతుందా, బేస్ (మంద్ర స్వరాలు) వినిపించే స్పీకర్ అయిన సబ్‌వూఫర్ మార్చాలా?

జవాబు 1:
సబ్‌వూఫర్ మార్చనక్కర లేదండి; మీరు వింటున్నది గది స్వభావం. ఎదురెదురు గోడల మధ్య ధ్వని తరంగంలో సరిగ్గా సగం ఇమిడే పౌనఃపున్యం వద్ద గది తానే మోగుతుంది. ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు కనుక 12 అడుగులకు అది 47 హెర్ట్జ్ (సెకనుకు 47 కంపనాలు), 10 అడుగులకు 56 హెర్ట్జ్ అవుతుంది. వెడల్పూ ఎత్తూ సమానం కావడంతో 56 వద్ద రెండు అనునాదాలు (గది ఇలా తానే మోగడాలు) ఒకేచోట పడుతున్నాయి, ఈ గదికి అదే పెద్ద చిక్కు. ఈ తరంగాల పీడనం మూలల్లో గరిష్ఠంగా, నడుమ కనిష్ఠంగా ఉంటుంది కాబట్టే మీకు ఆ తేడా వినిపిస్తోంది.

ఫోమ్ కదిలే గాలి నుంచే శక్తిని గ్రహిస్తుంది, గోడను ఆనుకున్న చోట ఆ కదలికే ఉండదు. 47 హెర్ట్జ్ తరంగం పొడవు 24 అడుగులు. దానికి రెండంగుళాల ఫోమ్ లెక్కలోకి రాదు. ముందుగా కుర్చీని వెనుక గోడ నుంచి నాలుగైదు అడుగులు ముందుకు జరపండి. తర్వాత సబ్‌వూఫర్‌ను ఆ కుర్చీ స్థానంలో ఉంచి, పాట మోగిస్తూ గోడల వెంట చెవిని నేలకు దగ్గరగా పెట్టి వినండి. స్వరాలన్నీ సమంగా వినిపించే చోటే దాన్ని నిలపండి.

జవాబు 2:
పై సలహాతో ఏకీభవిస్తూ ఒక మాట చేర్చుతాను. కొలత మైక్, గది ధ్వనిని కొలిచే ఉచిత సాఫ్ట్‌వేర్ రూమ్ ఈక్యూ విజార్డ్ ఉంటే ఉబ్బులను ఈక్వలైజర్‌తో (ఒక్కో పౌనఃపున్యం స్థాయిని విడిగా మార్చే సాధనం) తగ్గించవచ్చు, కానీ లోయలను, అంటే స్వరాలు వినిపించకుండా పోయే చోట్లను, పూడ్చాలని ప్రయత్నించకండి. ధ్వనిని పెంచితే దాన్ని రద్దు చేసే ప్రతిఫలనమూ అంతే పెరుగుతుంది. మూలల్లో నేల నుంచి పైకప్పు దాకా ఆరంగుళాల మందం రాక్‌వూల్‌ను (రాతి నారతో చేసిన దిండు లాంటి పలకలు) వెనుక ఖాళీ వదిలి, గుడ్డ కప్పి నిలబెడితే 80 హెర్ట్జ్ పైన తేడా బాగా తెలుస్తుంది. 47 వద్ద దాని ప్రభావం స్వల్పమే.

ప్రశ్న అడిగినవారు:
తలుపు అడ్డు వల్ల కుర్చీని మూడడుగులకు మించి జరపలేను. 47 సంగతి ఎలా?

జవాబు 1:
మూడడుగులైనా మేలేనండి. వీలైతే అదే రకం రెండో సబ్‌వూఫర్ తీసుకొని, ముందు గోడ మధ్యన ఒకటి, వెనుక గోడ మధ్యన ఒకటి ఉంచి, రెండింటికీ ఒకే సంకేతం ఇవ్వండి. 47 హెర్ట్జ్ వద్ద పీడనం ఒక చివర పెరిగినప్పుడు రెండో చివర తగ్గుతుంది కనుక ఆ అనునాదాన్ని అవి పరస్పరం అణచివేస్తాయి.